పప్పుగుత్తితో కలిపిన ఓల్డ్ ఫ్యాషన్డ్

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు మతి పోతుందని లోకమంతా బెంగపెట్టుకున్న కాలంలో, కీబోర్డు మీద నాలుగు వేళ్లు ఆడించగలిగిన ప్రతి తెలుగువాడికీ ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరికేది. నాకు సింగపూర్ సైన్స్ పార్కులో దొరికింది. దొరికిందనడం కంటే మా కన్సల్టెన్సీ అంకుల్ ఇప్పించాడనడం న్యాయం. ఆయన నా ఏడాది అనుభవాన్ని రెజ్యూమెలో మూడేళ్లు చేసి, "అందరూ వేసేదేనోయ్, కంగారుపడకు" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? హాబీల దగ్గర నేను రాసుకున్న 'పాత పాటలు వినడం' తీసేయించి 'కాక్‌టెయిల్స్ తయారీ' అని టైపు చేయించాడు. ("క్లాస్‌గా ఉంటుందోయ్!") అప్పటికి నేను కొబ్బరినీళ్లకు మించి ఏదీ తాగి ఎరగను.

మా బాస్ అక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించే చైనీస్ పెద్దమనిషి. ఏ పని చెప్పినా చివర "కెన్ ఆర్ నాట్?" అనేవాడు గనక మాలో మేం ఆయన్ని కెన్నార్‌నాట్ అని పిలుచుకునేవాళ్లం. నా కాంట్రాక్టు ఇంకో పది రోజుల్లో ముగుస్తుందనగా ఆయన పొడిగింపు కాగితాలు ముందేసుకుని, నా రెజ్యూమె తిరగేస్తూ టక్కున ఆగాడు. "వా, యూ మేక్ కాక్‌టెయిల్ ఆ? నెక్స్ట్ ఫ్రైడే ఆఫీస్ పార్టీ, ఫర్ మీ వన్ ఓల్డ్ ఫ్యాషన్డ్. కెన్ ఆర్ నాట్?" నన్నడక్కుండానే నా నోరు "కెన్ సార్" అనేసింది. సీటుకొచ్చాక గానీ ఏం ఒప్పుకున్నానో తెలిసిరాలేదు. హాబీ అబద్ధమని తేలితే ఆ మూడేళ్లూ అబద్ధమని తేలడానికి ఎంతసేపు? సంతకం పడకపోతే పెట్టె సర్దుకుని కాకినాడ పోవాలి. వచ్చేటప్పుడు మా వీధి వీధంతా స్టేషన్‌కొచ్చి దండలేసి పంపింది మరి. ఏ మొహం పెట్టుకుని దిగను?

ఆంగ్ మో కియో లైబ్రరీలో ఒక పుస్తకం సంపాదించి పరీక్షకు చదివినట్టు చదివాను. ఇన్ని హంగులున్న కాక్‌టెయిల్ మొదట్లో అమెరికాలో విస్కీ, పంచదార, కాసిని నీళ్లు, కొన్ని చేదు చుక్కలు, అంతేనట. తర్వాత బార్లవాళ్లు ఉత్సాహం పట్టలేక అందులో రంగురంగుల సారాలూ పళ్ల ముక్కలూ చేర్చి పెళ్లికూతుర్ని చేసేసరికి, విసిగిపోయిన పెద్దవాళ్లు "నాకు పాత పద్ధతిలో కలిపివ్వవయ్యా" అని అడిగేవారట. ఆ అడగడమే దాని పేరైపోయింది, ఓల్డ్ ఫ్యాషన్డ్ అని. (మా తాతగారు కాఫీ విషయంలో అచ్చం ఇదే మాట అనేవారు.) ఇంతవరకూ బాగానే ఉంది. ఆ చేదు చుక్కలేమిటో చూద్దును గదా, వేర్లూ బెరళ్లూ మసాలా దినుసులూ నానబెట్టి తీసిన సారం అని ఉంది. ఓస్, కషాయమేగా అనుకున్నాను! తిన్నగా లిటిల్ ఇండియాకు పోయి నేలవేము కొనుక్కొచ్చి, దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్కలు వేసి, చెంచాడు మిగిలేదాకా మరిగించాను. ఆ చుక్కలు పెద్ద షాపుల్లో సీసాల్లోనే అమ్ముతారని చాలా కాలానికి గానీ తెలియలేదు.

రుచి చూసే యోగ్యత నాకు లేదు కాబట్టి ఆదివారం సెంబవాంగ్ షిప్‌యార్డులో వెల్డింగు చేసే మా శ్రీకాకుళం బావని పిలిచాను. (బంధుత్వమేం లేదు, ట్రైన్‌లో తెలుగు విని కలుపుకున్న వరస.) గ్లాసులో పంచదార వేసి, కషాయం చుక్కలూ నీళ్లూ చిలకరించి పప్పుగుత్తితో మెదుపుతుంటే అతను గుటకలు మింగుతూ, "గలాసుడు సుక్కకి ఇంత తతంగమేటి బావా?" అన్నాడు. కరిగాక విస్కీ పోసి, పెద్ద ఐసుముక్క వేసి నెమ్మదిగా తిప్పి, నారింజ తొక్క మెలిపెట్టి నూనె చిమ్మించి ఇచ్చాను. తాగి మూతి తుడుచుకుని, "బాగానే ఉన్నాది గానీ, జొరం తగ్గిపోయేలాగుంది. ఏదీ, ఇంకోటి కలుపు" అన్నాడు. మూడోది కూడా అయ్యాక "సుక్కరోరం నువ్వు నెగ్గీసినట్టే" అని దీవించి వెళ్లాడు.

శుక్రవారం ఐదింటికి ఆఫీసు పాంట్రీలో, టై కట్టుకుని, అందరూ చుట్టూ మూగి చూస్తుండగా పప్పుగుత్తి బయటికి తీశాను. కెన్నార్‌నాట్ ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. "దిస్ వన్ మై గ్రాండ్‌మదర్ మెడిసిన్ లా!" అని ఒకటే నవ్వు. ఆ నవ్వుకి నాకు భయం ఎక్కువైపోయి, ఆయన్ని పక్కకు తీసుకెళ్లి, కాక్‌టెయిల్స్ రావనీ, మూడేళ్ల అనుభవం లేదనీ, ఉన్నది ఒక్క ఏడాదేననీ, వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తం కక్కేశాను.

"ఐ నో లా," అన్నాడాయన చల్లగా. "ఫస్ట్ వీక్ ఐ సీ యువర్ ప్రోగ్రామ్, ఆల్రెడీ నో." తన గదికి తీసుకెళ్లి సొరుగులోంచి మరో నాలుగు రెజ్యూమెలు తీసి చూపించాడు. నాలుగూ మా అంకుల్ పంపినవే, నాలుగింటిలోనూ హాబీ కాక్‌టెయిల్స్ తయారీయే! కెన్నార్‌నాట్ ప్రతివాణ్ణీ ఒకటి కలిపిమ్మని అడిగి చూశాడట. ఒకడికి భుజం నొప్పి, ఒకడికి ఉపవాసం, మిగతా ఇద్దరి సామాను ఇండియాలో ఉండిపోయింది. "యూ ఓన్లీ, యూ ట్రై," అంటూ పెన్ను నా చేతికిచ్చి, రెజ్యూమెలో ఆ మూడు అంకె మీద వేలు పెట్టాడు. నేను మూడు కొట్టేసి ఒకటి రాశాను. అప్పుడు పొడిగింపు కాగితాల మీద తను సంతకం చేసి, గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి కలపమన్నాడు.

ఆ తర్వాత నా అనుభవం అంకె పెరుగుతూ పోయింది, ఇప్పుడు నిజంగానే లెక్కకు మించి ఉంది. అయినా టై కట్టుకుని చెమటలు కక్కుతున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. వాడి భుజం తట్టి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది: ఒరేయ్, ఉన్నది ఒక్క ఏడాదే అయితేనేంరా, అది నీది.