ఇద్దరమే పోదామన్న పెద్దమ్మ

2007 డిసెంబరు తొమ్మిది, ఆదివారం. గుజరాత్‌లోని ఉధ్నాలో మా తెలుగువాళ్ల గల్లీ ఆ రోజు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. తెల్లవారుజామునే బిందెల చప్పుడుతో అందరినీ లేపే పక్కింటి పెద్దమ్మ లేవలేదు. నిద్రలోనే పోయిందని ఆమె భర్త పెద్దబాపు వచ్చి మా అమ్మకు చెప్పాడు.

ఆమె మాకు చుట్టం కాదు. మా నాన్న, పెద్దబాపు ఒకే కార్ఖానాలో మరమగ్గాలు నడుపుతారు, అంతే. దేవుడికి పెట్టకముందు ఎంగిలి చేయకూడదని పెద్దమ్మ వంటను ఎన్నడూ రుచి చూసేది కాదు. మరుగుతున్న చారు మీదికి వంగి, వాసన పీల్చి, ఉప్పు చాలిందో లేదో చెప్పేది. తప్పినట్టు గుర్తులేదు. తప్పినా పెద్దబాపు చెప్పేవాడు కాదు.

రెండేళ్ల కిందట ఒకరోజు నేను ఆమెకు హిందీ పేపరు చదివి వినిపిస్తున్నాను. నాసిక్ దగ్గర ద్రాక్షతోటల్లో వైన్ రుచి చూపిస్తారని, గ్లాసు తిప్పి ముందు వాసన చూడాలని అందులో రాశారు. పక్కన గ్లాసులు పట్టుకున్న భార్యాభర్తల ఫోటో ఉంది. పెద్దమ్మ దాన్ని చాలాసేపు చూసింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో వాళ్లు పెళ్లిళ్లకూ చావులకూ తప్ప ఎక్కడికీ పోలేదు. ఇద్దరే కలిసి ఎన్నడూ పోలేదు.

"వాసన సూసుడే గదా, నేను రోజు చేసే పనే," అంది. "జర పోదాం. ఇద్దరమే పోదాం."

నేను ఉత్సాహంగా నిఘంటువులో వెతికి 'ద్రాక్షాసవం' అన్న మాట తెచ్చాను. దవాఖాన మందులా ఉందని కొట్టేయించి, 'ద్రాక్షకల్లు' అని రాయించింది. మాటను నోట్లో వేసుకుని చూడాలని నాకు నేర్పింది ఆమే.

వాళ్ల ఊళ్లో కల్లు తప్పేమీ కాదు, గుజరాత్‌లో మాత్రం మద్యనిషేధం. తిరిగొచ్చేటప్పుడు పోలీసులు నోరు వాసన చూస్తారని పెద్దబాపు భయం. కాబట్టి నా నోటుబుక్కులో ప్లాను ఇలా కుదిరింది: ఆరింటి బస్సు, రెండు టికెట్లు, పన్నెండు యాలకులు.

గల్లీలో త్ర్యంబకేశ్వర దర్శనమని చెప్పారు. పదకొండు మంది కొబ్బరికాయలతో తయారయ్యారు. బస్సులో ఆడవాళ్లు ముందు కూర్చుంటే మగవాళ్లు వెనక కూర్చున్నారు. మరుసటి ఏడు మోకాళ్ల డాక్టరు దగ్గరికని చెప్పారు. గల్లీలో ఎన్ని మోకాళ్లు నొప్పిగా ఉన్నాయో ఆ రోజే తెలిసింది. నాసిక్‌లో దిగాక, డాక్టరు సెలవులో ఉన్నాడని చెప్పి పెద్దబాపు అందరినీ మళ్లీ త్ర్యంబకేశ్వరానికే తీసుకుపోయాడు.

"ఈ గల్లీల అబద్ధం చెప్పొద్దు బిడ్డా," అంది పెద్దమ్మ తిరిగొచ్చాక. "అందరు నమ్ముతరు."

అస్థికలు గోదావరిలో కలపడానికి నాసిక్ పోతున్నానని పెద్దబాపు నిన్న సాయంత్రం చెప్పాడు. గల్లీ అంతా కదిలింది. టెంపో మాట్లాడదామన్నారు. ఎవరెవరు వస్తారో లెక్క వేస్తున్నారు. ఆయన అందరినీ చెప్పనిచ్చాడు.

"ముందుగాల మేమిద్దరం ద్రాక్షతోటకు పోతం," అన్నాడు. "నేను కల్లు తాగుత, ఆమె వాసన సూస్తది. అటెంక గోదాట్ల కలుపుత. వచ్చేటోళ్లు రాండ్రి."

టెంపో మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

అందరూ పోయాక ప్లాను మళ్లీ రాయమన్నాడు. టికెట్లు ఎన్ని అని అడిగాను.

"ఒకటే. ఆమె నా ఒళ్లె కూసుంటది."

రేపు పొద్దున ఆరింటి బస్సు. ముంత మూతి గట్టిగా కట్టారో లేదో చూసి, ఇద్దరినీ కిటికీ పక్కన కూర్చోబెట్టి రావడం నా పని.