లేని కెంపులకు వెల

మేం డిగ్రీ చదివే రోజుల్లో తిరుపతిలో ఆదివారం గడపాలంటే సినిమాకు పోవాలి, లేదా క్రికెట్టు ఆడాలి, లేదా కొండెక్కాలి. మొదటిదానికి డబ్బు, రెండోదానికి ఒంట్లో సత్తువ, మూడోదానికి భక్తి కావాలి. నా దగ్గర మూడూ అంతంతమాత్రమే. అందుకే బెంగుళూరులో చదివే మా పిన్నమ్మ కొడుకు ఒక వేసవిలో లావుపాటి జిరాక్సు కట్టా, రంగురంగుల పాచికలూ తెచ్చి నా చేతిలో పెట్టేసరికి, దేవుడే నాకు కొత్త దారి చూపించాడనుకున్నాను. ఆ ఆటకు బల్లా లేదు, బిళ్లలూ లేవు. ఒకడు కథ చెప్పాలి, మిగిలినవాళ్లు ఆ కథలో వీరులుగా ఉండాలి. "గుహలో పాము బుస వినిపిస్తోంది, లోపలికి పోతావా, వెనక్కి పోతావా?" అని నేనడిగితే, వాళ్లు ఆలోచించి చెప్పాలి. కత్తి తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. కూర్చున్న చోటి నుంచి కదలకుండా సాహసాలు చేయొచ్చన్నమాట. నా ఒంటికి సరిగ్గా సరిపోయే పౌరుషం అది.

ఆడేవాళ్లు ఇద్దరే. ఒకడిని మండీ అనేవాళ్లం. చిత్తూరులో వాళ్ల నాయనది మామిడికాయల మండీ. వాడు తిరుపతిలో హాస్టల్లో ఉండేవాడు. సబ్బు కొన్నా బేరమాడకుండా కొనేవాడు కాదు. రెండోవాడు నగరి. ఊరి పేరే వాడి పేరైపోయింది. ఇంట్లో మరమగ్గాలు, నోట్లో సగం అరవం. మా మిద్దె మీది గదిలో ఆట సాగుతుంటే గడప దగ్గర మా అవ్వ చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. (పాచికలు ఇంటికి తెస్తే ఇల్లు నిలవదని మొదట్లో గొడవ చేసింది. రెండో వారానికి, "ఆ పాము చచ్చిందా లేదా?" అని తనే అడగడం మొదలుపెట్టింది.)

పాము అంటే మామూలు పాము కాదు, రెక్కలున్నది, నిప్పులు కక్కేది. దాన్ని చంపితే దాని పడక కింద రాశులకొద్దీ నిధి. ఇక్కడే నాకు ఆ జిరాక్సు కట్టలోని నియమాల పుస్తకంతో పేచీ వచ్చింది. రాయి దొరికితే పాచిక వెయ్యి, ఇంత పడితే పది బంగారు నాణేలు, అంత పడితే వంద అని ఒక్క ముక్కలో తేల్చేశాడు ఆ రాసినాయన. రాయిని కళ్లతో చూడకుండా, వెలుతురుకు పట్టకుండా ధర చెప్పడమేమిటి? నేను కల్పించిన లోకంలో అటువంటి అన్యాయం జరగడానికి వీల్లేదని పట్టుదలకు పోయాను. ధరలు తెలుసుకుందామని గాంధీరోడ్డులో ఒక నగల అంగడికి వెళ్లి, "అన్నా, నిమ్మకాయంత కెంపు ఎంతుంటాది?" అని అడిగాను. ఆయన నా హవాయి చెప్పుల నుంచి మొదలుపెట్టి మొహం దాకా చూశాడు.

"కొనేదానికా, అమ్మేదానికా?"

"ఊరికే అన్నా. తెలుసుకుందామని."

"ఊరికే అయితే కోటి రూపాయలు. తలుపు దగ్గిరికేసి పో."

నేను తలుపు దగ్గరగా వేసి వచ్చాను గానీ వెనక్కి తగ్గలేదు. కెంపులో చీలిక ఉంటే ఇంత తగ్గింపు, మచ్చ ఉంటే ఇంత, నగ అయితే రాళ్ల బరువు తీసేసి, తరుగు పోగా మిగిలిన బంగారానికే వెల అని నా సొంత చట్టం తయారుచేశాను. నాణెం అంటే సరిగ్గా కాసు బంగారమని కూడా శాసించాను. ఇంక చూడండి, పాము చచ్చాక కొన్ని వారాలపాటు ఆటంతా నగల అంగడిలోనే జరిగింది. నేను షావుకారుని, వాళ్లు నిధి అమ్ముకోవడానికి వచ్చిన వీరులు. కత్తులు మూలన పడ్డాయి.

"ఈ కెంపులో సన్నటి చీలిక ఉంది," అనేవాణ్ణి నేను, లేని కెంపును కిటికీ వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసి.

"చీలికా? నీ కంట్లో ఉండాది చీలిక," అనేవాడు మండీ. "సరిగ్గా సూడప్పా. ఇది అంగట్లో సరుకు కాదు. పాము గుండెల కింద పెట్టుకొని మాగబెట్టిన సరుకు. రంగు సూడు, నిగనిగ సూడు!"

అలా మాగబెట్టిన కెంపులకు వాడు ఒక్కోదానికీ వెయ్యి నాణేల ధర ఒప్పించాడు. పైగా అమ్మకుండా దగ్గర పెట్టుకున్నాడు, ధర ఇంకా పెరుగుతుందని. మూట మోస్తే వీరుడు పరుగెత్తలేడని పుస్తకంలో నియమం ఉంది. ఒంటి మీద వేసుకున్న నగలు మోత కిందికి రావని కూడా ఉంది. ఆ రెండో మాట చదవగానే మండీ తన వీరుడికి చెవులకు, మెడకు, చేతులకు, నడుముకు, ఆఖరికి కాలి వేళ్లకు కూడా నగలు తొడిగేశాడు. శత్రువుల మీదికి పోయే మనిషి గంగజాతరలో వేషం కట్టినట్టు తయారయ్యాడు.

ఒక ఆదివారం వాళ్లు మిగిలిన నిధి కోసం మళ్లీ గుహకు పోయి బయటికి వస్తుంటే, చచ్చిన పాము తల్లి ఎదురొచ్చింది. (నేనే పంపించాను. ఆ నగల దర్జా చూడలేక.) నగరి వీరుడు మొదటి బుసకే పడిపోయాడు. మండీ ఒక్కడే మిగిలాడు. వాడు బతకాలంటే ఇరవై మొహాల పాచికలో ఇరవయ్యే పడాలి. వాడు పాచికను రెండు చేతుల మధ్య పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, "ఏడుకొండల సామీ! ఇది పడితే నిలువుదోపిడి ఇస్తా!" అని వదిలాడు. ఇరవై పడింది. గది అదిరిపోయేటట్టు అరిచాం. నగరి లేచి రెండు గెంతులు కూడా వేశాడు.

మా అరుపులు సద్దుమణిగాక గడప దగ్గరి నుంచి అవ్వ మామూలుగా అడిగింది, "ఎప్పుడిస్తావు నాయనా?"

"ఏంది అవ్వా?"

"నిలువుదోపిడి."

ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు, మిగిలినవాళ్ల కోసం చెబుతున్నాను. ఒంటి మీద ఉన్న నగలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఒలిచి శ్రీవారి హుండీలో వేసేస్తానని మొక్కుకోవడమే నిలువుదోపిడి. మండీ నవ్వాడు. "అది ఆటలో అవ్వా! నా వీరుడు మొక్కినాడు."

"నోరు ఎవరిది?"

"నాదే గానీ..."

"ఆట మీది, పాము మీది, రాళ్లు మీవి. సామి కూడా మీ ఆటలోనోడేనా?"

మండీ చెయ్యి తనకు తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది. వాడి మెడలో గొలుసుంది. ఇంటరు పాసైన ఏడాది మామిడి కాపు బాగా వచ్చిందని వాళ్ల నాయన చేయించినది. ఆయన మామూలుగా కొడుక్కి చొక్కా కొనివ్వాలన్నా సంవత్సరం ఆలోచించే మనిషి. స్నానానికి తీసినా ఊరుకోడు. గొలుసు లేకుండా ఇంటికి పోతే ఏమవుతుందో మాకు బాగా తెలుసు.

నగరి కొంచెం తెలివైనవాడు. "అవ్వా, మొక్కినోడు వీరుడు. ఒంటి మీద నగలు వానివి. అవి హుండీలో వేసేదానికి లేవు. ఇప్పుడెట్లా?" అని అడిగాడు.

అవ్వ చింతగింజ పక్కకు విసిరి ఆలోచించింది. "మొక్కిన వస్తువు దొరక్కపోతే దాని వెల కట్టి వేస్తారు. అది కూడా ఉండాది," అని తీర్పు చెప్పింది.

ముగ్గురూ నా వైపు తిరిగారు. వెల కట్టేవాణ్ణి నేనే కదా. జీవితంలో ఎవరూ నా మాట కోసం అంత ఆత్రంగా ఎదురుచూడలేదు. ఆ సంతోషంలో బుద్ధి మందగించింది. పెన్సిలు తీసుకుని కెంపులకింత, వడ్డాణానికింత, కాలి మట్టెలకింత అని కూడి, నాణెం అంటే కాసు లెక్కన చెప్పేశాను. వాళ్ల మండీ, తోటలు, లారీ, లారీ డ్రైవరుతో సహా అమ్మినా అందులో ఏ మూలకూ రాదు.

మండీ నా కాగితం మీదికి వంగాడు. "ఆ కెంపులో చీలిక ఉండాదని నువ్వే అంటివి కదప్పా?"

"కాదని నువ్వు అంటివి."

"ఇప్పుడు అవునంటా ఉండా. పెద్ద చీలిక. ఇంకా సూస్తే అది కెంపు కూడా కాదు, గాజుపెంకు."

"గాజుపెంకు మీద పాము పండుకుంటుందా?"

"పాముకేం తెలుసప్పా? పెట్టిన చోట పండుకుంటాది!"

నేను ఒప్పుకోలేదు. ధర అంటే ధర, అవసరాన్ని బట్టి మారితే అది ధరే కాదని గంభీరంగా ఉపన్యసించాను. (గాంధీరోడ్డులో నాతో కోటి రూపాయలు చెప్పినాయన కూడా అంత నిక్కచ్చిగా ఉండి ఉండడు.) ఇదంతా నాకు ఇంకా ఆటలాగే ఉంది. మండీకి అది ఆట కాకుండా పోయి చాలాసేపయిందని నాకు తెలియలేదు.

ఆ వారంలోనే చిత్తూరు వైపు గాలివాన కొట్టింది. కోతకు వచ్చిన కాయ సగం నేలరాలిందని వాళ్ల నాయన ఫోను చేశాడట. మండీ వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. పాచికల వైపు చూడలేదు. "సామి గుర్తు చేస్తా ఉండాడప్పా," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. "గాలివాన వస్తే తోటలన్నిట్లో రాలింది కదరా. వాళ్లంతా నిలువుదోపిడి మొక్కినారా?" అన్నాను. అవ్వ సంగటి ముద్ద, చెనక్కాయల చట్నీ పెట్టిస్తే ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. సంగటి వదిలి పోయే మనిషి కాదు వాడు.

అవ్వ ఆ పళ్లెం తీస్తూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "వాడు వాళ్ల నాయనకేమన్నా అయితాదేమోనని బెంగటిల్లి పోతా ఉండాడు. నువ్వు రాళ్లకు ధర చెప్తా కూర్చోనుండావు," అంది. అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. సిగ్గేసింది, బాగా సిగ్గేసింది. కానీ అంత గొప్ప చట్టం చేసిన షావుకారుని నేనే, ఊరికే ధర తగ్గిస్తే వాడే నమ్మడు. దేవుణ్ణి మోసం చేస్తున్నామంటాడు. ఏం చెయ్యాలా అని నగరిని అడిగితే, "మండీలో బేరం ఎట్లా చేస్తారో అట్లా చెయ్యి. వానికి అదే న్యాయం," అన్నాడు. చెప్పడమే కాదు, వాళ్ల మగ్గం మీద నేసిన కొత్త తుండుగుడ్డ కూడా తెచ్చాడు.

మండీల్లో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడు, కొనేవాడు చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పి, వేళ్లు పట్టి నొక్కి చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది. మండీని హాస్టలు నుంచి లాక్కొచ్చి కూర్చోబెట్టాం. "నగలన్నిటికీ కలిపి ఒకే బేరం," అని నేను చెయ్యి చాపాను. తుండుగుడ్డ కింద వాడి చెయ్యి చల్లగా, తడిగా ఉంది. నేను మొదట ఐదు వేళ్లూ ఇచ్చాను, షావుకారు మర్యాదకు. వాడు ఒక వేలు మడిచాడు. నేను మొహం చిట్లించాను. ఇంకో వేలు మడిచాడు. వాడి మొహంలోకి మెల్లగా కళ వస్తోంది, పుట్టినప్పటి నుంచి చూసిన పని కదా. ఆఖరికి నా చిటికెన వేలు ఒక్కటే పట్టుకుని గట్టిగా నొక్కి, కళ్లలోకి చూశాడు. ఆ ఒకటి అంటే వెయ్యా, వందా, పదా అన్నది వేళ్లతోనే తేల్చుకున్నాం. "సరే," అన్నాను. అవ్వ ఎంతకు తెగిందని అడిగింది. ఇద్దరం చెప్పలేదు. తుండుగుడ్డ కింది ధర బయట చెప్పకూడదు, ఇప్పుడు మీకూ చెప్పను. అయితే హాస్టలు కుర్రాడు మెస్సు బిల్లు కట్టి కూడా తట్టుకోగలిగిందే.

తరువాతి శనివారం ముగ్గురం అలిపిరి నుంచి నడిచి కొండెక్కాం. (నాకు సత్తువ తక్కువని ముందే చెప్పాను. గాలిగోపురం దాకా నగరి నన్ను వెనక నుంచి తోస్తూ ఎక్కించాడు.) దర్శనమయ్యాక జనం తోపులాటలో హుండీ దగ్గరికి చేరాం. మండీ పసుపుగుడ్డలో ముడి వేసిన డబ్బు కళ్లకద్దుకుని వేశాడు. హమ్మయ్య అనుకుని నేను వాడి భుజం పట్టుకుని పక్కకు లాగుతుంటే, వాడు ఆగాడు. రెండు చేతులూ మెడ వెనక్కి పోయాయి. కొక్కెం ఊడదీయడం ఒక్క క్షణం పట్టింది. గొలుసు హుండీ గుడ్డసంచిలోకి జారిన చప్పుడు కూడా వినిపించలేదు.

"ఏం చేసినావురా?" అన్నాను. "మన బేరం తెగింది కదా!"

"బేరం నీతో కదప్పా ఆడింది," అన్నాడు వాడు, తేలికపడిన మొహంతో. "ఆయనతో యాడ ఆడేది?"

బస్సులో ఘాట్ రోడ్డు దిగుతున్నంతసేపూ వాడు, నగరి పులిహోర తింటూ కబుర్లు చెప్పుకున్నారు. నేను కిటికీలోంచి చూస్తూ, ఆ గొలుసు తూకం ఎంతుంటుంది, తరుగు పోను ఎంత చేస్తుంది అని లెక్క వేసుకుంటున్నాను. వద్దనుకున్నా మనసు ఆగలేదు.

వాళ్ల నాయన సంగతి చెప్పలేదు కదూ. మండీ ఇంటికి పోగానే ఆయన మెడ వైపే చూసి, "యాడరా గొలుసు?" అన్నాడట. సామికి మొక్కు తీర్చినానన్నాడట వీడు. ఏం మొక్కని అడిగితే, అబద్ధం చెప్పడానికి నోరు రాక, "పెద్ద పాము మీదికొచ్చినాది నాయనా. ఒక్క క్షణంలో తప్పించినాడు," అన్నాడట. ఆ మనిషి గొలుసు మాట వదిలేసి నేల మీద కూలబడి, కొడుకు కాళ్లు రెండూ ఒళ్లో పెట్టుకుని, యాడన్నా గాటు పడిందేమోనని మోకాళ్ల దాకా తడిమి తడిమి చూశాడట. ఈ మాట చెబుతూ మండీ ఏడ్చాడు. మేం ఆ తరువాత ఆ ఆట ఎక్కువ రోజులు ఆడలేదు. షావుకారు అంగడి మాత్రం మళ్లీ తెరవలేదు.

ఇప్పుడు చిత్తూరు మండీ వాడే చూసుకుంటున్నాడు. నేను ఒక బ్యాంకులో బంగారం మీద అప్పులిచ్చే బల్ల దగ్గర కూర్చుంటున్నాను. నగలో రాళ్ల బరువు తీసేసి వెల చెప్పడం నా పని. (ఈ లోకంలో నాకు ఇంకే పనీ రాదని పైవాడికి తెలుసు.) బంగారం ధర ఎగిరినప్పుడల్లా చెయ్యి ఊరుకోక, ఆ గొలుసు ఈ రోజు ఎంత చేసేదో లెక్క కట్టి మండీకి ఫోను చేస్తాను. వాడు నా గొంతు వినగానే, "ఎంతప్పా ఈరోజు?" అంటాడు. చెబుతాను. అటువైపు లారీల చప్పుడు, హమాలీల కేకలు. "బాగుండాది," అంటాడు తృప్తిగా, "సామికి లాభమే." ఫోను పెట్టేసి నాలో నేనే నవ్వుకుంటాను. ఎదురుగా బల్లకవతల గాజులు పట్టుకుని నిలబడ్డ మనిషి, తన నగను చూసే నవ్వానేమోనని నొచ్చుకుంటుంది.