నా వీధికి రాని ఫుట్‌బాల్

2022 నాటికి మార్కాపురంలో నేను కేబుల్ ఆపరేటర్‌గా ఇరవై ఏళ్లు పూర్తి చేశాను. రోడ్డుకు ఇవతలి వీధులు నావి, అవతలివి మా తోడల్లుడు చెన్నకేశవులువి. ఒకరి వీధిలో ఇంకొకరు వైరు లాగకూడదని పెద్దమనుషుల ముందు కాగితం రాసుకున్నాం. నా వెనకాల ఈ పనిలోకి వచ్చి, నాకంటే ముందు ఫైబర్ వేశాడు. వాడి పేరు వింటేనే నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడాది ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మొదలైన రెండో రోజే బాలికల హాస్టల్ పీఈటీ మరియమ్మ మా ఆఫీసుకు వచ్చింది. హాస్టల్ నా వీధిలోదే.

"అన్నా, మా ఫుట్‌బాల్ టీము పిల్లలు పెద్దోళ్ల ఆట ఎట్లుంటదో చూడాలంటాండారు. మన టీవీలో రాదేంది?"

"రైట్స్ గొడవమ్మా" అన్నాను.

రైట్స్ అంటే ప్రసార హక్కులు. ఒక టోర్నమెంటును ఒక కంపెనీ కొంటే, ఇంకో లీగును ఇంకో కంపెనీ కొంటుంది. కొన్నవాళ్ల ఛానెల్లోనే ఆట వస్తుంది. మాకు సిగ్నల్ పంపే పై ఆపరేటర్‌ను ఎంఎస్‌ఓ అంటాం. మా ఎంఎస్‌ఓ ఆ ఛానెల్ తీసుకోలేదు. చెన్నకేశవులు సిగ్నల్ వేరే ఎంఎస్‌ఓది, వాళ్లు తీసుకున్నారు.

"ఊళ్లో ఎవురికీ రాదా అన్నా?"

"ఎవురికీ రాదు."

తెలిసే చెప్పాను. వాడి పేరు నా నోటితో చెప్పలేకపోయాను.

ఫైనల్‌కు ముందురోజు ఆమె మళ్లీ వచ్చింది. "చెన్నకేశవులన్నకు మొదటినుంచీ వస్తాండాదంట. నాకెందుకు అబద్ధం చెప్పినావు? రేపొక్క పూట ఆయన్ని వైరు ఇయ్యనీ."

"కాగితం రాసుకున్నాం. కుదరదు" అన్నాను.

ఆదివారం పొద్దుగూకినాక హాస్టల్ పిల్లలు వరసగా మా ఆఫీసు ముందునుంచే వాడింటికి పోయారు. "అంతమందికి మా చెల్లెలొక్కతే ఉప్మా ఎట్ల చేస్తాది?" అంటూ నా భార్యా పోయింది. కాసేపటికి చెన్నకేశవులు ఫోన్ చేశాడు.

"అన్నా, ఒక్కడివే ఆడేం చేస్తాండావు? వచ్చి కూచో."

"పనుంది" అన్నాను. ఏ పనీ లేదు. గోల్ పడ్డప్పుడల్లా ఆ పిల్లల కేకలు రోడ్డు దాటి వినిపిస్తుంటే లేచి ఆఫీసు తలుపు మూసేశాను.

ఇప్పుడు ఎవరైనా మా దగ్గర రాని ఛానెల్ అడిగితే, ఎవరి దగ్గర వస్తుందో పేరు పెట్టి చెప్తాను. చెప్పేటప్పుడు ఈర్ష్య తన్నుకొస్తుంది, అదేం తగ్గలేదు. అయినా చెప్తాను. ఫైనల్ దాకా జరిగిన ఆటలన్నీ ఆ పిల్లలకు దక్కకుండా చేసింది రైట్స్ కాదు, నేను.