ముడుపులో నేను కట్టిన భయం

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఏళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. నేనే అన్న మాట. అన్నప్పుడు ఎంత తేలిగ్గా నోట్లోంచి జారిపోయిందో, ఆ తర్వాత అంత బరువెక్కింది. సంగారెడ్డి నుంచి ఫోను వస్తే ఇప్పటికీ వెంటనే ఎత్తలేను. ఎత్తేలోపు ఒకటే అనుకుంటాను, శకుంతలమ్మ పోయిందని చెప్పడానికే చేశారేమోనని.

శకుంతలమ్మ వాళ్లది సంగారెడ్డి పాత బజారులో కిరాణా దుకాణం. నేను పటాన్‌చెరులో ఒక క్లినిక్‌లో కౌన్సెలర్‌ని. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్లాంటులో ఉద్యోగానికి వచ్చారు. నేను క్వార్టర్స్‌లో పెరిగి, సైకాలజీ చదివి, ఊళ్లో అందరి మనసులూ నాకు తెలుసుననుకునే వయసులో ఆ ఉద్యోగంలో చేరాను. బరువు తగ్గాల్సిన ఆడవాళ్లను డాక్టరు గారు నా గదికి పంపేవారు. "జెర గాలొస్తే ఎగిరిపోయేటట్టున్నవ్, నువ్వు మాకు చెప్తవా మేడం" అని వాళ్లు నన్ను ఆటపట్టించేవారు.

నేను చదువుకున్న పద్ధతిలో ఒప్పందం రాయించాలి. ఫలానాది తినను అని సంతకం పెట్టాలి, నలుగురికీ చూపించాలి. వాళ్లు నవ్వుతూ సంతకాలు పెట్టేవారు. ఆ కాగితాల్లోనే మిర్చి బజ్జీలు కట్టించుకుని పోతున్నారని మా నర్సు ఎగతాళి చేసేది. తప్పు వాళ్లది కాదు. వియ్యపురాలు ఇంకో బక్ష్యం, అదే మా బొబ్బట్టు, విస్తట్లో వేస్తే వద్దనడం ఎలా? వద్దంటే అలిగినట్టు. ఇంటిల్లిపాదికీ పెట్టాక మిగిలిన అన్నాన్ని పారేయడం ఎలా? పారేస్తే పాపం. ఒక సంతకం ఇన్నింటికి ఎదురు నిలుస్తుందా?

కానీ నేనొకటి గమనించాను. ఇదే ఆడవాళ్లు ఒక్కపొద్దు ఉన్న రోజున ఎవరింటికి వెళ్లినా వాళ్లను ఎవరూ బలవంతపెట్టరు. "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అంటే చాలు, ఎంతటి వియ్యపురాలైనా గరిటె వెనక్కి తీసుకుంటుంది. అందుకని కాగితం పక్కన పడేసి ముడుపు కట్టించాను. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి వెంకన్న పటం ముందు పెట్టుకోవాలి. తీపి ముట్టను, రాత్రి అన్నానికి బదులు జొన్నరొట్టె తింటాను, మోకాళ్ల నొప్పి లేకుండా ఏడుకొండల మెట్లు ఎక్కగలిగిన రోజున నీ ముడుపు చెల్లిస్తాను, అని మొక్కుకోవాలి.

అది పనిచేసింది. చాలా బాగా పనిచేసింది. ఆడవాళ్లకు మొదటిసారి వద్దనే హక్కు దొరికింది. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. నేను దేవుణ్ణి నమ్మను, అయినా వాళ్ల దేవుణ్ణి మంచి పనికే వాడుకున్నాననుకున్నాను. వాడుకున్నాను. ఆ మాట రాస్తుంటే ఎలాగో ఉంది.

అందరికంటే నిష్ఠగా ఉన్నది శకుంతలమ్మే. భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు, షుగరు. దుకాణంలో గల్లా దగ్గర కూర్చుంటే లేవడానికి కోడలు చెయ్యి పట్టుకోవాలి. అలాంటిది కొన్ని నెలలకు తనంతట తనే లేచి నిలబడసాగింది. నన్ను మేడం అనడం మానేసి బిడ్డా అని పిలిచేది. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల వాళ్లు తమ దగ్గరా మొదలుపెట్టాలని మా పద్ధతి చూడటానికి వస్తామన్నప్పుడు, చూపించడానికి నేను అనుకున్నది ఆవిడనే.

వాళ్లు రావడానికి రెండు నెలల ముందు, ఒక మధ్యాహ్నం, శకుంతలమ్మ నా గదికి ఒక్కతే వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. సదాశివపేటలో చెల్లెలి కూతురి పెళ్లికి వెళ్లిందట. బక్ష్యాలు తిన్నదట. ముడుపు సంగతి ఎవరికీ చెప్పకుండా, ఒక మూల కూర్చుని, ఇష్టంగా తిన్నదట. మర్నాడే మనవడికి జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. వాడికప్పుడు మాటలు కూడా సరిగా రావు. పటాన్‌చెరులోనే ఆసుపత్రిలో పెట్టి, అక్కణ్ణుంచి నేరుగా నా దగ్గరకు వచ్చింది.

"ఒక్క మాట చెప్పు బిడ్డా," అంది. "నేను మాట తప్పినందుకే పోరనికి గిట్లయిందా?"

ఇక్కడ ఆగిపోతాను. ఎన్నిసార్లు తలుచుకున్నా ఇక్కడే ఆగుతాను. చిన్నపిల్లలకు జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వస్తాయమ్మా, దానికీ బక్ష్యాలకూ సంబంధం లేదు అనాలి. నాకు తెలుసు. ఆ క్షణంలో కూడా తెలుసు. కానీ ఆ మాటంటే ముడుపు బిగువు సడలుతుందనిపించింది. తెల్లాపూర్ వాళ్లు వచ్చేసరికి ఈవిడ మళ్లీ తీపి తింటూ ఉంటే? ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆవిడ భయం చూసి నాకు లోపల ఎక్కడో సంతోషం కలిగింది. నా పద్ధతి ఎంత లోతుగా దిగిందో చూశావా అనిపించింది. మనిషి మనవడి కోసం వణికిపోతుంటే నేను నా పద్ధతిని మెచ్చుకుంటూ కూర్చున్నాను.

"నాకేం తెలుసమ్మా," అన్నాను. "మొక్కంటే మొక్కే కదా. ఇక ముందు తప్పకండి."

"అంతేనంటవా?"

"అంతే."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. పిల్లాడు కోలుకున్నాడు. డాక్టర్లు మందులిచ్చారు, తగ్గింది. కానీ శకుంతలమ్మ లెక్కలో అది మందులతో తగ్గలేదు. షరతు మీద తగ్గింది.

ఆ తర్వాత ఆవిడ తీపితో ఆగలేదు. రాత్రి రొట్టె మానేసింది. పొద్దున ఉప్మా మానేసింది. ప్రసాదం కూడా కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇచ్చేసేదట. షుగరు గోలీలు మాత్రం ఎప్పటిలాగే వేసుకునేది. నేను చూశాను. ఆవిడ రవికెలు వదులవడం, మెడ దగ్గర చర్మం వేలాడటం, మాట్లాడుతూ మాట్లాడుతూ గోడ పట్టుకోవడం, అన్నీ చూశాను. అడిగానా? అడగలేదు. తెల్లాపూర్ వాళ్లు ఆవిడను చూసి చప్పట్లు కొట్టారు. మా గోడ మీద ఆవిడ ఫోటోలు రెండు పెట్టాం, అప్పుడు ఒకటి, ఇప్పుడు ఒకటి.

ఒకరోజు దుకాణంలో పప్పు తూస్తూ కింద పడిపోయింది. రక్తంలో షుగరు బాగా పడిపోయిందన్నారు. అదృష్టం కొద్దీ సమయానికి గ్లూకోజు ఎక్కించారు. నేను చూడటానికి వెళ్తే కోడలు వరండాలోకి తీసుకొచ్చి చెప్పింది. "చక్కెర నీళ్లు పోద్దమంటే నోరు తెరవలే మేడం. పండ్లు బిగవట్టింది. పిల్లగాడు, పిల్లగాడు అని ఒకటే అన్నది. ఏందో సమజైతలేదు."

నాకు సమజైంది. ఆ వరండాలో ఆ ముక్క అర్థమైన మనిషిని నేనొక్కదాన్నే. నీరసంలో అలాగే పలవరిస్తారమ్మా అని చెప్పాను. డాక్టరు గారితో టైముకు తినలేదట అన్నాను. ఆటో ఎక్కి ముత్తంగి దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు, ఎవరో పిలుస్తారేమోనని.

ఆవిడ కోలుకుని మళ్లీ కొద్దికొద్దిగా తినసాగిందని విన్నాను, అయినా అప్పటి నుంచీ ఈ భయం. నా ఉద్యోగం పెరిగింది. ముడుపు పద్ధతి నేర్పడానికి రుద్రారం కాలేజీకి పిలుస్తారు, ఆసుపత్రులకు పిలుస్తారు. "మనుషుల ఆచారాన్ని గౌరవించండి, వాళ్ల భయాన్ని మాత్రం ఎప్పుడూ వాడకండి" అని నేనే చెబుతాను. పిల్లలు తలలూపుతూ రాసుకుంటారు. ఎంత సిగ్గులేని మనిషిని. నమ్మనని చెప్పే నేను, మా పాపకు జ్వరమొస్తే ఏమనుకుంటానో తెలుసా? ఇది శకుంతలమ్మ ఉసురేమో అనుకుంటాను. ఆవిడలో నేను నాటింది నాలోనూ మొలిచింది.

మొన్న కోడలు ఫోను చేసింది. మనవడికి మళ్లీ జ్వరం, మామూలు జ్వరమే. "అత్తమ్మ మల్ల అన్నం తింటలేదు మేడం. మీ మాటైతే ఇంటదని చేసిన."

నా మాటైతే వింటుందట.

నిన్న వెళ్లాను. శకుంతలమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులు ఎముకలు తేలి ఉన్నాయి. కోడలు అన్నం పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడింది. పక్కకు పంపిద్దామనుకున్నాను. పంపలేదు. పంపితే మళ్లీ అబద్ధం చెబుతాననిపించింది. చెప్పేశాను. ఆ రోజు నేనన్నది తప్పమ్మా, నాకు తెలిసే అన్నాను, నా పద్ధతి నెగ్గాలని అన్నాను, వాడి జ్వరానికి మీ తిండికి సంబంధం లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నోరు తడబడింది. చెప్పిందే రెండుసార్లు చెప్పాను.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని నవ్వింది. "నేను తినాల్నని గిట్ల అబద్ధమాడుతున్నవ్. నాకు ఎర్కలేదా బిడ్డా."

నా అబద్ధాన్ని దేవుడి మాటలా నమ్మిన మనిషి, నా నిజాన్ని నమ్మలేదు.

కోడలు నమ్మింది. పళ్లెం కింద పెట్టింది. "మీరు పోండ్రి మేడం" అంది, గొంతు పెంచకుండానే. వచ్చేశాను. బజారు చివర నిలబడి డాక్టరు గారికి ఫోను చేసి, ఆవిడ ఎందుకు తినదో మొదటి నుంచీ చెప్పాను. ఆయన మొదట షుగరు గోలీల సంగతి అడిగారు. తర్వాత, ఆ గోలీలు ఈ రోజే ఆపించాలి, నేనే వాళ్లింటికి వెళ్తాను అన్నారు. నా గురించి ఒక్క మాటా అనలేదు. రేపు అంటారేమో. అనాలి.

ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఫోను బల్ల మీదే ఉంది. మోగితే ఎత్తడానికి ఇప్పటికీ భయమే. ఆవిడ ఒక్క ముద్దయినా తిన్నదో లేదో తెలియదు. అడగడానికి ఆ ఇంట్లో నాకిక ఎవరూ లేరు. కానీ ఆ మాట ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే లేదు. కోడలికి తెలుసు, డాక్టరు గారికి తెలుసు, మీకు తెలుసు. ఇన్నేళ్లలో మొదటిసారి గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను.