మేక తీసుకుపోయిన మోకు

పరువన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. కాకపోతే లోకంలో అందరిదీ నేల మీద పోతుంది, నాది మాత్రం నేలకు నలుగురు మనుషుల లోతున పోయింది. పోయినదాన్ని పైకి తీయడానికి ఎర్రబండి రావలసి వచ్చింది. బండి వెంట ఊరు ఊరంతా వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ సంగతి నా నోటితో నేనే చెబుతున్నానంటే సిగ్గు లేక కాదు. మా అత్త చెబితే ఇంతకన్నా ఘోరంగా చెబుతుంది కాబట్టి.

తొంభైల చివర్లో నేను జూనియర్ కాలేజీలో లాజిక్ లెక్చరరును. ఆ సబ్జెక్టు నాకు జీతం ఇచ్చి, దానికి బదులుగా మా ఇంట్లో శాంతిని పట్టుకుపోయింది. కూరలో ఉప్పు ఎక్కువైందని మా ఆయన అంటే, ఎక్కువ అనడానికి కొలత ఏమిటో ముందు నిరూపించమనేదాన్ని. పాపం, ఆయన కొత్త పెళ్ళికొడుకు. నీళ్ళు తాగి ఊరుకునేవాడు.

మా టౌన్లో ఒక ఫైరాఫీసు ఉంది. ఏటా ఏప్రిల్లో వాళ్ళు అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. అందులో వాళ్ళకొక ఆనవాయితీ. స్టేషన్ వరండాలో పాతకాలపు ఇత్తడి గంట ఒకటి వేలాడుతూ ఉంటుంది. వాళ్ళ మొట్టమొదటి బండికి ఉన్న గంట అది. బండి తుక్కయిపోయినా గంటను మాత్రం చింతపండు పెట్టి తోమి, పెళ్ళికూతురులా చూసుకుంటారు. ఆ ఏడాది తాము కాపాడిన ప్రాణి ఎవరైనా సరే, వచ్చి ఆ గంట కొడితేనే సభ మొదలవుతుంది. గంట కొట్టినవాళ్ళకు ఫైర్‌మెన్ అందరూ వరసగా నిలబడి సెల్యూట్ చేస్తారు.

ఆ ఏడు ముఖ్య అతిథిగా రావలసిన ఎమ్మార్వోకు కరువు మీటింగు పడింది. ఎవరో నా పేరు చెప్పారట. ఎవరు చెప్పారో ఇప్పటికీ వెతుకుతున్నాను.

పట్టుచీర కట్టుకుని పోయాను. స్టేషన్ ఆఫీసరు పేరు ఓబులేసు. బారెడు మీసం, గుప్పెడు మాట. గొడవ పెట్టుకునే మనిషికి నెమ్మదస్తుణ్ణి మించిన శత్రువు లేడు కదా, చూడగానే నాకు ఆయన మీద కొంచెం కోపం వచ్చింది. ఇంతలో గంట కొట్టడానికి ఒక గొర్రెలకాపరి వచ్చాడు. ఒంటరిగా రాలేదు, చంకలో మేకను పెట్టుకుని వచ్చాడు. కాపాడింది మేకను కాబట్టి కొట్టవలసింది మేకేనని, దాని ముందుకాలు పట్టుకుని గంట మోగించాడు. ఫైర్‌మెన్ టకీమని బూట్లు కలిపి మేకకు సెల్యూట్ చేశారు. మేక చుట్టూ చూసి షామియానా గుడ్డ నమలడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఓబులేసు తమ స్టేషన్ సాధించిన విజయాలు చదివాడు. ఆర్పిన గడ్డివాములు, కాపాడిన వేరుసెనగ బుడ్డల గోడౌను, ఎండిన బావుల్లోంచి తీసిన మనుషులు, మేకలు, ఎనుములు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. మైకు నా చేతికి వచ్చేదాకా ఓపిక పట్టాను.

ఏం మాట్లాడానో పూర్తిగా రాయను, ఇంట్లో పిల్లలు చదువుతారు. సారాంశం ఇది: నిప్పుకు ఫైరింజను, దొంగకు పోలీసు, మేకకు కాపరి అని లోకం పని పంచుకుంది. మీరు మేకల వెంట పడితే ఇది అగ్నిమాపక శాఖ అవుతుందా, మేకమాపక శాఖ అవుతుందా? ప్రతిదానికీ ఎర్రబండిని పిలిచే సోమరితనం ప్రజలకు నేర్పుతున్నది మీరే. చివరగా, ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కే ఆ మహావాక్యం కూడా సెలవిచ్చాను.

"మేకను బావిలోంచి తీసేకి ఏం కావాల? ఒక మోకు, రవంత తెలివి. అంతే."

జనం ఈసారి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఓబులేసు నాకు మజ్జిగ గ్లాసు అందించి, "మంచిమాట చెప్పినారు మేడం. గుర్తు పెట్టుకుంటాం" అన్నాడు. ఆ మనిషి మాట తప్పలేదు.

నెల తిరక్కముందే, ఒక ఆదివారం, పామిడి పక్కన మా అత్తగారి ఊళ్ళో ఉన్నాం. ఆ ఎండల్లో ఊరంతటికీ పచ్చగా మిగిలింది ఒకే ఒక్కటి: మా చేని బావిలో, రాతిగోడ సందులో మొలిచిన రావిమొక్క. నీటిచుక్క లేని ఆ బావిలో అదెలా బతికిందో దానికే తెలియాలి. మా అత్తకు ప్రాణంతో సమానమైన మేక ఒకటి ఉండేది. నొసట తెల్లమచ్చ, అందుకని దాని పేరు చుక్క. పైగా అది సూడి మేక. ఆ రావాకు కోసం మెడ చాచి, ఇంకొంచెం చాచి, లోపలికి పోయింది. బావి అడుగున ఏళ్ళ తరబడి పడిన ఆకులూ చెత్తా పరుపులా ఉండబట్టి దెబ్బ తగల్లేదు. అరుపు మాత్రం పెన్న అవతలికి వినిపించింది.

అత్త బావిగట్టున కూర్చుని ఒక కన్నుతో ఏడుస్తూ, ఇంకో కన్నుతో మా ఆయనను చూసి, "రేయ్, అంగడికాడికి పోయి ఫైరింజనుకు ఫోన్ కొట్టుపోరా" అంది.

నా గుండెలో ఆ ఇత్తడి గంట మోగింది. ఆ బండి ఈ ఊరికి వస్తే అందులో ఓబులేసు వస్తాడు. ఓబులేసు వస్తే ఆ మీసం వస్తుంది. ఆ మీసం కింద ఒక నవ్వు వస్తుంది. నేను బతికుండగా అది జరగకూడదు.

"వద్దత్తా" అన్నాను. "మోకుండాది, తెలివుండాది. ఇంకేం కావల్ల?"

"మోకు కొట్టంలో ఉండాది" అంది అత్త. "రెండోది యాడుండాదో నాకు తెల్దు."

మా ఆయన తాను దిగుతానన్నాడు. సిద్ధాంతం నాది, కాబట్టి ప్రయోగమూ నాదేనని చీరకొంగు నడుముకు చుట్టాను. బావిగోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్ళే మెట్లు. ఒక్కొక్కటీ దిగుతుంటే గట్టు మీద జనం పెరుగుతున్నారు. అడుగుకు దగ్గరవుతుండగా నేను కాలు పెట్టిన రాయి, తాతల నాటి నుంచి కదలని రాయి, నా పాదం తగలగానే గోడను వదిలేసింది. దాని వెంట దానిపై రాయి కూడా వచ్చింది. నేను ఆకుల మీద కూలబడ్డాను, రాళ్ళు నా పక్కన కూలబడ్డాయి. తాను తీసిన గోతిలో తానే పడ్డాడని సామెత. నాకు ఆ తవ్వే శ్రమ కూడా లేకుండా మా మామగారి తాత ముందే తవ్వించి పెట్టాడు.

పైకి పోవడానికి మెట్లు లేవని తెలిసింది. అయినా భయపడలేదు, మోకు ఉంది కదా. మా ఆయన దాన్ని కిందికి వదిలాడు. ఇక్కడే, చదువరులారా, లాజిక్ లెక్చరరు చేసిన ఘనకార్యం గమనించండి. బావిలో ఇద్దరం, మోకు ఒకటి. ముందు ఎవరు పోవాలి? నేను మేకను కట్టాను. పైనుంచి లాగారు. చుక్క గాలిలో తిరుగుతూ, స్వర్గానికి పోయే పుణ్యాత్మురాలిలా పైకి పోయింది. గట్టు మీద ఈలలు, చప్పట్లు. నేను కింద నిలబడి, చూశావా ఓబులేసూ అని మనసులో అనుకుంటున్నాను.

చుక్క గట్టు మీద కాళ్ళు పెట్టింది. జనాన్ని చూసింది. బెదిరింది. నడుముకు కట్టిన మోకుతో సహా పరుగు లంకించుకుంది.

మా అత్త మేక వెనక పరుగెత్తింది. మా ఆయన అత్త వెనక పరుగెత్తాడు. ఊరు మా ఆయన వెనక పరుగెత్తింది. క్షణంలో నా తల మీద ఒక గుండ్రటి ఆకాశం తప్ప ఏమీ మిగల్లేదు. అందులో ఒక గద్ద తిరుగుతోంది. అది కూడా కాసేపు చూసి మేక పోయిన దిక్కుకే పోయింది.

ఎంతసేపటికో అత్త తల బావి అంచున కనిపించింది. రొప్పుతూ, "చుక్క దొరికిందిలేమ్మే, ఏం దిగులుపడొద్దు" అంది.

"మోకేదత్తా?"

"కంపలో ఇరుక్కుని పీలికలైపోయింది."

ఇంకో మోకు తెమ్మన్నాను. తేవచ్చు గానీ గట్టు రాళ్ళు కదులుతున్నాయని, నలుగురు నిలబడి లాగితే నలుగురూ నా మీదికే వస్తారని అత్త వివరించింది. నాకన్నా బాగా వాదిస్తోందని ఆ పూటే మొదటిసారి తెలిసింది. "ఫైరింజనుకు పంపిస్తాండా" అంది.

"వద్దత్తా, నీ కాళ్ళు మొక్కుతా. ఈడే ఉంటా. రవంత సద్ది దించు, చాలు."

"ఎన్నాళ్ళుంటావే ఆడ?"

"ఆ ఆఫీసరు బదిలీ అయ్యేదాకా."

"నువ్వుంటావులే. సెలవులైపోయినాక నీ కాలేజీలో పాఠం చెప్పేకి చుక్కను పంపల్నా?" అని, నా జవాబు కోసం ఆగకుండా కొడుకును అంగడికి తరిమింది.

ఎర్రబండి గంట వినిపించినప్పుడు పొద్దు ఇంకా బాగానే ఉంది. చీకటైనా పడలేదు, నా ముఖం దాచుకోవడానికి. ట్యాంకరు వచ్చిందనుకుని కొందరు ఆడవాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. ఆ నీళ్ళు నిప్పుకే గానీ కుండకు కాదని తెలిసి, వచ్చిన పని పోతేపోయిందని నన్ను చూడడానికి నిలబడ్డారు. వాళ్ళ మధ్యలోంచి ఆ మీసం బావిలోకి వంగింది.

"నమస్కారం మేడం."

సంస్కారం గల మనిషిని కదా, బావి అడుగు నుంచి నేనూ రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాను.

"మోకు లేదా మేడం?"

"మేక తీసుకపోయింది."

ఓబులేసు తల ఊపాడు. చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా అడిగాడు.

"రెండోదీ తీసుకపోయిందా?"

ఏది అని నేను అడగలేదు. నా జన్మలో జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

తర్వాత వాళ్ళు పనిచేసిన తీరు చూడాలి. గట్టు కదలకుండా బావికి అడ్డంగా దూలాలు వేశారు, నిచ్చెన దించారు, ఒక ఫైర్‌మ్యాన్ బెల్టు పట్టుకుని దిగాడు. బెల్టు నడుముకు కట్టాలా, చంకల కింద కట్టాలా అని నేను అతనితో వాదన పెట్టుకున్నాను. పైనుంచి ఓబులేసు గొంతు వినిపించింది. "పైకొచ్చినాక వాదించుకుందాం మేడం. ఈడ గాలి బాగుంటాది."

పైకి వచ్చాను. తలలో రావాకులు, చీర నిండా మట్టి. ఊరు చప్పట్లు కొట్టింది. చుక్క కట్టుగొయ్యకు కట్టేసి ఉంది, నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఓబులేసు తన మనుషులతో, "ఒక మేక, ఒక మనిషి. రెండు ప్రాణాలు" అన్నాడు.

ఎండిపోయిన నా పౌరుషం అక్కడ మొలకెత్తింది. "ఆగప్పా" అన్నాను. "మేకను తీసింది నేను. మీరొచ్చేసరికి అది పైనుండాది. చేయని పనికి పేరెట్లా రాసుకుంటారు?" ప్రతిపాదన, హేతువు, ఉదాహరణ అన్నీ వరసగా చెప్పి, నిలబెట్టి వాదించాను. ఆయన అంతా విని, "న్యాయమే మేడం. మేకను తీసేస్తాం" అన్నాడు. అంత సులభంగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. నేను ఊరి ముందు తల ఎత్తుకుని నడిచాను.

మరుసటి ఏప్రిల్లో ఫైరాఫీసు నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ముఖ్య అతిథిగా కాదు, గంట కొట్టడానికి. పోనని గది తలుపు వేసుకున్నాను. అత్త పల్లె నుంచి చుక్కను, దాని రెండు పిల్లలను తోలుకుని నేరుగా స్టేషన్‌కే పోయిందని తెలిసింది. నేను పోకపోతే నా తరఫున ఎవరు మాట్లాడతారో అర్థమై, చెప్పులేసుకుని పరుగెత్తాను.

ఆ ఏడు ఎమ్మార్వోకు మీటింగు లేదు. ముందు వరసలో మా కాలేజీ పిల్లలున్నారు. నేను గంట కొట్టాను. ఉన్న మాట చెప్పుకోవాలి, ఆ ఇత్తడి శబ్దం చాలా బాగుంది. ఫైర్‌మెన్ బూట్లు కలిపి, పోయినేడు మేకకు చేసినంత గౌరవంగానే నాకు సెల్యూట్ చేశారు. ఒక్కరి ముఖంలో నవ్వు లేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది. అంతలో ఓబులేసు ఆ ఏటి విజయాలు చదవడం మొదలుపెట్టాడు. వాములు అయ్యాయి, గుడిసెలు అయ్యాయి.

"బావుల్లోంచి తీసిన మేకలు" అని చదివి, నా వైపు తిరిగి వినయంగా తల వంచాడు. "ఈ ఏడు ఒక్కటీ లేదు. బావుల్లోంచి తీసిన లెక్చరర్లు, ఒకరు."

ఎమ్మార్వో కుర్చీ పట్టుకుని నవ్వాడు. మా కాలేజీ పిల్లలు కుర్చీలు వదిలేసి నవ్వారు. మా అత్త పక్కనున్నావిడకు చుక్కను చూపిస్తూ, "ఇది మాత్రం ఎవురినీ పిలిపించుకోలేదుమ్మా" అంటోంది.

అందుకని ఆ ఇత్తడి గంట సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు పిలిచినా ముఖ్య అతిథిగా పోను. పోయినా మాట్లాడను. మాట్లాడినా మేకల ఊసెత్తను. ఇంకెప్పుడైనా బావిలో నేనూ, మేకా, ఒక మోకూ మిగిలితే, మొదట నేను పైకి వస్తాను. మేక వాదించదలుచుకుంటే వాదించుకోవచ్చు.