కంప్యూటర్‌కు పెట్టిన జొన్నరొట్టె

ఆ రోజుల్లో మా జడ్చర్లలో ఇంట్లో ఎవరికైనా చెప్పులు కొనాలంటే ఆ మనిషిని బజారుకు తీసుకుపోయేవాళ్లు కాదు. పాదం పొడవున ఒక చీపురుపుల్లను విరిచి జేబులో వేసుకుపోయేవాళ్లు. గాజులకైతే పాత గాజు, జాకెట్టుకైతే పాత జాకెట్టు, తాళంచెవికైతే సబ్బుబిళ్ల మీద అచ్చు. కొలత లేకుండా పట్నం పోయి సామాను తెచ్చేవాణ్ణి మా అవ్వ మనిషి కింద జమకట్టేది కాదు. ఇంత మంచి పద్ధతిని తీసుకుపోయి కంప్యూటర్ మీద ప్రయోగించి, దాని వీపుకు జొన్నపిండి అద్దిన ఘనత మాత్రం మా తాలూకాలో నాకొక్కడికే దక్కింది. అది తప్పే. దాన్ని దాచడానికి చేసింది ఇంకా పెద్ద తప్పు. ఇన్నేళ్లకు రెంటినీ తలుచుకుంటే మొదటిదానికి నవ్వొస్తుంది, రెండోదానికి మాత్రం ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. స్టేషన్ రోడ్డులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ ఆపరేటర్ని. ప్రెస్సు యజమానిని ఊరంతా చాచా అనే పిలిచేది, నేనూ అంతే. సీసపు అక్షరాలు ఏరి పేర్చిన చేతులతో పెళ్లికార్డులు అచ్చేసి, ముగ్గురు బిడ్డలను పెంచిన మనిషి. కాలం మారుతోందని పసిగట్టి కంప్యూటర్ కొన్నాడు, దానితోపాటు నన్నూ తెచ్చుకున్నాడు. హైదరాబాదులో ఆరు నెలల కోర్సు చేసి వచ్చానని చాచాకు నా మీద మహా గురి. (ఆ ఆరు నెలల్లో కంప్యూటర్ ముఖమే చూపించారు గానీ వీపు ఎవరూ చూపించలేదన్న సంగతి చాచాకు చెప్పలేదు.)

మా దగ్గర పెళ్లికార్డుకు ఒక ఆచారం ఉండేది. ఒక ఇంట్లో పెద్దబిడ్డ పెళ్లి చల్లగా జరిగిందంటే, చిన్నబిడ్డ పెళ్లికి కూడా అదే కార్డు కావాలి. అదే వినాయకుడు, అదే అంచు, అదే అక్షరాలు. పేర్లు మారాలి, అంతే. అందుకని చాచా ఏ కార్డునూ కంప్యూటర్‌లోంచి తీసెయ్యనిచ్చేవాడు కాదు. మూడేళ్లకు దాని కడుపు నిండిపోయింది. కొత్తది దాచబోతే జాగా లేదంటుంది. పాతవి కొన్ని తీసేద్దాం చాచా అంటే ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవల పెండ్లి తుడిపేస్తవ్ బేటా? ఆలుమొగలు మంచిగ కాపురం చేస్కుంటుండ్రు, నువ్వు ఈడ కూసోని పేర్లు తుడిపేస్తవా?"

ఇక మిగిలిన దారి ఒక్కటే. బయట పెట్టి తీగతో తగిలించుకునే హార్డ్ డిస్కు కొనాలి. ఎస్టీడీ బూత్ నుంచి హైదరాబాదులో ఒక దుకాణానికి ఫోన్ చేశాను. అవతలివాడు, "రెండు రకాలున్నయి తమ్మీ. మీ కంప్యూటర్ ఎనక ఏ పోర్టున్నదో చూసుకోని రా. తప్పు తీస్కపోతే వాపస్ తీస్కోం," అన్నాడు. పక్కనే చాచా నిలబడి ఉన్నాడు. పోర్టంటే ఏంటన్నా అని అడిగితే నా ఆరు నెలల కోర్సు అక్కడే బూత్‌లో కూలిపోయేది. "తెలుసు, తెలుసు," అని పెట్టేశాను.

సాయంత్రం చాచా నమాజుకు పోగానే కంప్యూటర్‌ను గోడ నుంచి ముందుకు జరిపి వెనక్కి తొంగిచూశాను. దుమ్ము, తీగలు, నానా ఆకారాల రంధ్రాలు. బయటి సామాను తగిలించేది ఇక్కడే గదా అని ప్రింటర్ తీగ పీకితే దాని వెనక రెండు వరసల్లో సన్నటి చిల్లులు కనబడ్డాయి. లెక్కపెడితే ఒకసారి ఇరవై నాలుగు, ఇంకోసారి ఇరవై ఆరు. (టార్చి వేసి మూడోసారి నెమ్మదిగా లెక్కపెడితే సరిపోయేది. ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది.) ఇంటికి ఉరికి, అవ్వ రొట్టెలకు పిసుకుతున్న పిండిలోంచి పిడికెడు తెచ్చి, ఆ చిల్లులకు గట్టిగా ఒత్తి తీశాను. అచ్చు చక్కగా పడింది. దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, ప్రింటర్ తీగ మళ్లీ బిగించి, నా తెలివికి నేనే మురిసిపోతూ పడుకున్నాను.

మర్నాడు హైదరాబాదు దుకాణంలో అద్దాల వెనక రెండు డిస్కులు పెట్టారు. ఒకటి నల్లగా, నిగనిగలాడుతూ, ముందు పచ్చదీపంతో పెళ్లికొడుకులా ఉంది. రెండోది బూడిదరంగు ఇటుక. నా మనసు పెళ్లికొడుకు మీదికి పోయింది. చాచా టేబుల్ మీద అది ఎంత బాగుంటుందో కూడా ఊహించుకున్నాను.

"ఏ పోర్టు?" అన్నాడు దుకాణం ఆయన.

నేను డబ్బా మూత తీశాను.

ఆయన లోపలికి చూసి, నన్ను చూసి, "నాష్టా బయట చేసి రా తమ్మీ," అన్నాడు.

"నాష్టా కాదన్నా, కొలత."

ఆయన డబ్బాను దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత లోపల పనిచేస్తున్న వాళ్లిద్దరినీ పిలిచాడు. పిండి ఎండి అంచులు బీటలు వారింది గానీ అచ్చు నిలిచే ఉంది. ఒకాయన బూడిదరంగు డిస్కు తీగ తెచ్చి దాని మీద ఆనించాడు. సరిగ్గా కూర్చుంది. నల్లదాని తీగ దానికి రెండింతల వెడల్పు. "బచ్‌గయా," అన్నాడు దుకాణం ఆయన. "ఆ నల్లది కొంటే నీ కంప్యూటర్ లోపల ఇంకో సర్క్యూట్ కార్డు ఎయ్యాల్సొచ్చేది. ఈ ఇటుక తీస్కపో. దీన్ని మధ్యల తగిలియ్యి, ప్రింటర్‌ను దీనెనక తగిలియ్యి, రెండూ నడుస్తయి." ఇటుకను ఒళ్లో పెట్టుకుని ఎర్రబస్సులో వస్తుంటే మా అవ్వ పద్ధతి ముందు ఏ కోర్సూ పనికిరాదనిపించింది.

ప్రెస్సుకు చేరేసరికి బెంచీ మీద గొంగడి బాపు కూర్చుని ఉన్నాడు. ఆయనది అమ్రాబాద్ దిక్కు, ఘాటు రోడ్డెక్కితే వచ్చే కొండమీది ఊరు. ఎండాకాలంలో కూడా భుజం మీద గొంగడి దించడు కాబట్టి ఆ పేరు నేను పెట్టిందే. పెద్దబిడ్డ కార్డు మా దగ్గరే వేయించాడు, ఇప్పుడు చిన్నబిడ్డ పెళ్లి.

"గదే కార్డు పిలగా. పేర్లు మార్చు, గంతే. మా దిక్కు ఊర్లకు దినాం ఒక్కటే బస్సు. ఇంటింటికి పోయి బొట్టు పెట్టి కార్డియ్యాలె. రేపటికి నా చేతుల పడకపోతే సగం చుట్టాలకు ముట్టయి. పిలువని పెండ్లికి ఎవరొస్తరు?"

"రేపు కాదు బాపూ, ఇప్పుడే," అన్నాను.

చాచా అత్తరు తీసి ఇటుకకు రాశాడు. మీట వేశాను. డిస్కు గుర్రుమంది గానీ కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేదు. ఆపి మళ్లీ వేశాను. లేదు. పోనీ అని ఇటుకను తీసేసి ప్రింటర్ ఒక్కటే తగిలించాను. అదీ కదల్లేదు. నిన్నటిదాకా బంగారంలా నడిచిన ప్రింటర్. వంగి వెనక్కి చూశాను. గోడ మీంచి ఒక చీమల బారు దిగి, బల్ల ఎక్కి, ఆ రెండు వరసల చిల్లుల దగ్గర ఆగింది. వాటికి నాకంటే ముందే అంతా తెలిసిపోయింది.

ఆ క్షణంలో చెప్పేస్తే అయిపోయేది. చాచా ముఖం చూశాను. "నా ఆపరేటర్‌కు అంతా మాలుమ్," అని బజారంతా చెప్పుకునే ముఖం. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"వాడు మోసం చేసిండు చాచా. ఖరాబు డబ్బా అంటగట్టిండు. దీనివల్ల మన ప్రింటర్ కూడా పోయింది."

చాచా నమ్మేశాడు. తెల్లారి మొదటి బస్సుకే ఇటుకను తువ్వాల్లో మూటకట్టుకుని హైదరాబాదు పోయాడు, నా తరఫున కొట్లాడటానికి. అరవై ఏళ్ల మనిషి. నేను బస్సు కిటికీలోంచి మూట కూడా అందించాను.

ప్రెస్సులో నేనూ, రాత్రి అక్కడే పడుకున్న గొంగడి బాపూ మిగిలాం. నేను తల పట్టుకుని కూర్చుంటే ఆయన చుట్ట ఆర్పి దగ్గరికొచ్చాడు.

"నువ్వు ఫికర్ చేయకు పిలగా. మోసం చేసినోడు బాగుపడడు. వాని నోట్లె మన్నువడ. వాని కంచంల చీమలువడ."

చీమల దాకా వచ్చేసరికి నావల్ల కాలేదు. "బాపూ, ఆ మోసం చేసినోణ్ణి నేనే," అని పిండి కథ మొత్తం చెప్పేశాను. ఆయన చాలాసేపు కంప్యూటర్ వంక చూశాడు.

"దానికి రొట్టెందుకు పెట్టినవ్? ఆకలైతాందన్నదా?"

తర్వాత మొలతాడుకు కట్టుకున్న ముల్లు తీసే చిన్న పట్టకారు విప్పి నా చేతిలో పెట్టాడు. నేను కరెంటు తీగలన్నీ పీకి, బల్ల కింద దూరి, సూదితో గుచ్చుతూ, పట్టకారుతో లాగుతూ ఒక్కో చిల్లులోంచి ఎండిన పిండి తీస్తుంటే ఆయన పక్కన బోర్లా పడుకుని టార్చి పట్టాడు. "ఎడమదిక్కు ఇంకోటున్నది. ఆఁ, గదే. జర మెల్లగ, కాలుల ముల్లనుకో." ఈ గొడవంతా తర్వాత తెలిసి మా అవ్వ బాధపడింది ఒక్కదానికే: "నన్నడిగితే గోధుమపిండి ఇద్దును గదరా. జొన్నపిండి సాగది, ఇరుగుతది."

పొద్దెక్కేసరికి ప్రింటర్ మూలిగి కాగితం లాగింది. పెద్దబిడ్డ కార్డు తెరిచి, పేర్లు మార్చి, అచ్చుకు ఎక్కించే బటర్ పేపర్ మీద తీశాను. వినాయకుడు చెక్కుచెదరకుండా వచ్చాడు. ఆ కాగితం చూసి గొంగడి బాపు ముఖం మీద పూసిన నవ్వు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. దాన్ని అచ్చు మిషన్‌కు ఎక్కించి మధ్యాహ్నానికి కార్డులన్నీ వేసి ఆరబెట్టాం.

అప్పుడొచ్చాడు చాచా. మూట బల్ల మీద పెట్టాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "దుకాణంల పది మంది గిరాకీ ముంగట ఆయనను చోర్ అన్న బేటా. ఆయన తన కంప్యూటర్‌కు తగిలించి నడిపి చూపెట్టిండు. తర్వాత అడిగిండు, మీ పోరడు పిండి ముద్ద తెచ్చిండు, ఆ పిండి అంతా చిల్లులలకెళ్లి ఎనకకు వచ్చిందా అని." చాచా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇద్దరికీ చాయ్ తెప్పించి, తన చాయ్ తాగకుండా కార్డుల తడి చూస్తూ నిలబడ్డాడు.

కార్డులు ఆరేసరికి ఆ రోజు ఘాటు బస్సు తప్పిపోయి ఒక రోజు ఆలస్యమైంది కాబట్టి సగం కట్ట నేను మోసుకుని గొంగడి బాపు వెంట ఘాటెక్కాను. రెండు రోజులు ఊరూరా తిరిగి, ఇంటింటా గడపకు బొట్టు పెట్టి కార్డులు పంచాను. ఏ ఇంట్లోనూ కార్డు చదవలేదు. "పిలగాడు ఎర్రగున్నడు, పెండ్లికొడుకేనా?" అని మాత్రం నాలుగైదు చోట్ల అడిగారు. బాపు ప్రతిచోటా, "కాదవ్వా, గీయన కంప్యూటర్‌కు రొట్టె పెడ్తడు," అని పరిచయం చేశాడు. ఆ పెళ్లికి రాని చుట్టం లేడు.

అక్కడితో సరిపోలేదు. ఆదివారం హైదరాబాదు పోయాను. దుకాణంలో నలుగురైదుగురు ఉన్నారు. గుమ్మంలోనే నిలబడి, దారి పొడుగునా వల్లెవేసుకున్న మాట గట్టిగా చెప్పాను: "అందరూ వినుండ్రి. ఈ అన్న దొంగ కాదు." ఆ రోజు చాచా మాట విన్న గిరాకీ వేరు, ఈ రోజు కూర్చున్న గిరాకీ వేరన్నది నాకు తట్టలేదు. డబ్బులు లెక్కపెడుతున్న ఒకాయన ఆగి, "దొంగ అని ఎవరన్నరు?" అని అడిగి, నోట్లు మళ్లీ జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

దుకాణం ఆయన రెండు చేతులూ జోడించాడు. "నీకు దండం పెడ్త తమ్మీ. ముందు పోయి వాణ్ణి పట్టుకరా."

ఉరికాను. ఆయన్ను బస్టాపులో పట్టుకున్నాను. క్షమాపణ చెబితే వినలేదు, ఒట్టేస్తే నమ్మలేదు. ఆఖరికి చీపురుపుల్ల దగ్గర మొదలుపెట్టి, అవ్వ పిండి, చీమల బారు, చాచాను పంపించి నేను ప్రెస్సులో కూర్చున్న సంగతి, ఏదీ దాచకుండా రోడ్డు మీద నిలబడి చెప్పాను. చుట్టూ జనం మూగారు. ఎవరో బస్సు కూడా వదులుకున్నారు. చాచాను మూటతో బస్సెక్కించిన చోటు చెప్పేటప్పుడు తల దించుకున్నాను. ఆ గిరాకీ మాత్రం కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "నడువు," అన్నాడు. ఇద్దరం కలిసి వెనక్కి వచ్చాం. ఆయన డిస్కు కొన్నాడు. దుకాణం ఆయన నా ముందు చాయ్ పెట్టి, "మల్లొకసారి చెప్పు, నేను సగమే విన్న," అన్నాడు.

చెప్పాను. అక్కణ్ణుంచి వచ్చి చాచాకు కూడా నా నోటితోనే మొదటినుంచి చెప్పాను. చివరిదాకా విని, ఇద్దరికీ చాయ్ తెప్పించి, ఈసారి ఆయన తన చాయ్ తాగాడు.