కప్పబండి, అమ్మ చాయ్

ఆ రోజుల్లో నా గోళ్ల కింద ఎప్పుడూ నలుపే ఉండేది. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, కారేపల్లిలో ఇంటిపట్టున ఉన్న రోజులవి. పని లేనివాళ్లకు ధైర్యం ఎక్కువ అంటారు (ఎవరూ అనకపోతే నేనే అంటున్నాను). ఆ ధైర్యంతోనే మా చిన్నాయన తెచ్చిన కప్పబండి మీద చెయ్యి వేశాను. చిన్నాయన బొగ్గుగని వర్క్‌షాపులో ఫిట్టర్. వేంసూరు వైపు పామాయిల్ తోట ఆసామి ఒకాయన కొడుకు ముచ్చటపడితే బైకులా హ్యాండిల్ ఉన్న ఆ నాలుగు చక్రాల బండి కొనిచ్చాడట. కొడుక్కి మోజు తీరింది, సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. షెడ్డులో జాగా ఖాళీ అవుతుంది తీసుకుపొమ్మంటే చిన్నాయన ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే పాతరకం ఇంజన్. కూర్చున్నట్టే ఉండి ఒక్కసారిగా దూకుతుంది కనుక మా వాడంతా దాన్ని కప్ప అనేది.

దాన్ని బాగుచెయ్యడానికి ఒక కారణం ఉంది. ఏన్కూరు దాటి అడవి అంచున మా మేనత్త ఒక్కతే ఉండేది. చిన్నప్పుడు అమ్మకు జబ్బు చేసి దవాఖానాలో పడి ఉంటే నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. ఆ తర్వాత ఆమె మోకాళ్లు మొరాయించాయి. వాగు దాటాక ఆ దారంతా రాళ్లూ గుంతలూ, ఆటోవాళ్లు పేరు వింటేనే మొహం తిప్పుకునేవారు. బైకెక్కడానికి కాలు లేవదు. అలా మా చర్చిలో కోతపండుగకు ఆమె రావడం ఆగిపోయింది. కొత్త పంటలో మొదటి కంకులు బలిపీఠం ముందు పెట్టే పండుగ అది. నీ కట్ట మేం పట్టుకెళ్లి పెడతాం అంటే ఒప్పుకునేది కాదు. "పంట నాది, చెయ్యి ఇంకొకరిదైతే ఎట్ల?" అనేది. అందుకని చిన్నాయన కప్ప వెనక క్యారియర్ మీద కాళ్లు కోసిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బిగించాడు. సింహాసనం సిద్ధం, ఇక రథం కదలాలి.

కదిలేది కాదు. దోమల మందు కొట్టే బండిలా పొగ కక్కి ఆగిపోయేది. కార్బురేటర్‌లో జెట్టు అని చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది, దాని బెజ్జాన్ని బట్టే ఇంజన్‌కు పెట్రోలు అందుతుంది. చిన్నాయన రకరకాల జెట్లు పోగుచేసి ఇచ్చి, డ్యూటీకి పోతూ సూత్రం చెప్పాడు. "ప్లగ్గు ఇప్పి చూడు బిడ్డా. మూతి చాయ్ రంగుండాలె. నల్లగుంటే చిన్న జెట్టు ఎయ్యి, తెల్లగుంటే పెద్దది." ఇంతకంటే తేలికైన చదువు నేను చదవలేదు. జెట్టు మార్చడం, వీధి చివరిదాకా తిప్పడం, ప్లగ్గు విప్పి వంటింటి గుమ్మంలో చాయ్ గ్లాసు పక్కన పెట్టి చూడడం. పెళ్లివారెవరైనా వస్తే చేతులు వెనక్కి పెట్టుకోమని అమ్మ పోరు. చివరికి ప్లగ్గు మూతి, అమ్మ చాయ్ అచ్చం ఒకే రంగుకు వచ్చాయి. కప్ప పొగ మానేసి గాల్లో తేలింది. నా అంత మెకానిక్ జిల్లాలో లేడనుకున్నాను.

పండుగ ముందురోజు చిన్నాయనకు సెలవు దొరకలేదు. మధ్యాహ్నం నేనే బయలుదేరాను. ఏన్కూరు దాకా కప్ప ఎన్నడూ లేనంత హుషారుగా పరిగెత్తింది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువని అప్పుడు గుర్తు రాలేదు. వాగు దాటి, అత్త ఇల్లు కనబడే ఎత్తు ఎక్కుతుండగా కీచుమని ఇంజన్ పట్టేసింది. వెనక చక్రాలు బిగుసుకుని, బండి పక్కకు జారి తుప్పలో ఆగింది. నాకేం కాలేదు గానీ ఏడుపొచ్చింది. చిన్నాయనకు ఫోన్ చేశాను.

"ప్లగ్గు ఏ రంగున్నది?"

"చాయ్ రంగే."

"ఎవరి చాయ్?"

"అమ్మ చాయ్."

చిన్నాయన నిట్టూర్పు స్పష్టంగా వినబడింది. మా అమ్మ చాయ్ అంటే గిన్నెడు పాలకు చాయ్‌పత్తి పేరు వినిపించినట్టు ఉంటుంది. ఆయన చెప్పింది గని క్యాంటీన్ చాయ్, మరిగి మరిగి ఇటుక రంగుకు దిగింది. నా చిన్న జెట్టుతో పెట్రోలు చాలక ఇంజన్ మాడింది. బాగా చల్లారనిచ్చి, పెద్ద జెట్టు వేసి, మెల్లగా కిక్కు కొట్టి చూడమన్నాడు. లేస్తే మన అదృష్టం అన్నాడు.

తల ఎత్తేసరికి అత్త వస్తోంది. గడప దాటలేనన్న మనిషి, కర్ర పట్టుకుని ఆ రాళ్ల దారిన దిగి వస్తోంది. మోకాళ్లు నొవ్వలేదా అని అడిగాను. "నొచ్చినయ్. నువ్వు పడ్డవనుకున్న" అంది. ఆ మాటకు మళ్లీ ఏడ్చాను. ఆమె నా తల నిమిరి, పెట్రోల్ ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. ముందు నా పేరు, తర్వాత నా ఉద్యోగం, అమ్మ, చిన్నాయన, మోజు తీరిన ఆ పామాయిల్ కుర్రాడు, అందరూ అయ్యాక ఆఖర్న కప్ప. ఇంజన్ చల్లారడానికి ఎంతసేపు కావాలో ప్రార్థన అంతసేపూ సాగింది (కప్ప లేచిన ఘనత ఎవరిదో అత్తా చిన్నాయనా నేటికీ తేల్చుకోలేదు). వెంట తెచ్చుకున్న జెట్లలోంచి పెద్దది వేసి కిక్కు కొడితే కాస్త దగ్గి, పొగ వదిలి, లేచింది. కంకుల కట్ట ఒళ్లో పెట్టుకుని అత్త సింహాసనం ఎక్కింది. దారిలో ఎద్దులు కూడా మమ్మల్ని దాటి పోయాయి.

మర్నాడు చర్చిలో ఆమె కర్ర నాకిచ్చి రెండు చేతులతో కట్ట పట్టుకుంది. బలిపీఠం ముందు మోకాళ్లు వణికాయి. నా వైపు చూసి, "పట్టుకో బిడ్డా. ఇందుల నీ చెయ్యి గూడ ఉన్నది" అంది. పట్టుకున్నాను. ఎంత తోమినా వదలని నా వేళ్ల నలుపు ఆ పచ్చని గడ్డికి అంటుకుంది. ఆమె చూసి కూడా తుడవలేదు.

ఇప్పుడు నా గోళ్లు శుభ్రంగా ఉంటాయి. ఆ వాగు దారికి తారు పడింది. ఆటోలు అత్త గుమ్మం దాకా వెళ్తాయి, ఆమె మాత్రం కప్పకోసమే కూర్చుంటుంది. నేను ఇంట్లో ఇటుక రంగు చాయ్ పెడితే, పాలు లేవా అని మా ఆయన అడుగుతాడు. గ్లాసు వెలుతురుకు ఎత్తి చూస్తే, తుప్పలో కూర్చుని ఏడుస్తున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎవరి చాయ్ అని ముందే అడగవే అని ఆ పిల్లకు చెప్పాలనిపిస్తుంది. మళ్లీ వద్దులే అనుకుంటాను. చెబితే బండి అక్కడ ఆగదు, అత్త ఆ దారిన నడిచి రాదు.